నలుగురు, 3 రాత్రులు, యోసెమిటీ: మన తిండి బేర్ క్యానిస్టర్‌లో పట్టించడం, ఎలుగుకు అందకుండా దాచడం

మీరు అడిగింది ఇదీ: ఆగస్టులో నలుగురు కలిసి కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో, ట్యులమీ మెడోస్ దగ్గర మొదలుపెట్టి, కెథీడ్రల్ లేక్స్, సన్‌రైజ్, లిటిల్ యోసెమిటీ వ్యాలీ మీదుగా 3 రాత్రుల్లో హ్యాపీ ఐల్స్ దగ్గర దిగుతారు. అంతా శాకాహారం, వీలైనంత వరకు మన వంటే. ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలు, అంటే బేర్ క్యానిస్టర్లు, రెండు సరిపోతాయా, పట్టనిది చెట్టుకు కట్టవచ్చా, బరువు తగ్గుతుందని ఉర్సాక్ (ఎలుగు చింపలేని గట్టి బట్ట సంచి) కొనవచ్చా, బేర్ స్ప్రే (ఎలుగు మీదికొస్తే చల్లే కారపు స్ప్రే) తీసుకెళ్ళాలా?

చివరి మూడింటికీ జవాబు ఒకటే: యోసెమిటీలో కుదరదు. తిండిని చెట్టుకు వేలాడదీయడం అక్కడ నిబంధనలకు విరుద్ధం. ఉర్సాక్‌ను అనుమతించరు. బేర్ స్ప్రే పార్కు లోపలికి తీసుకురావడమే నిషేధం. అడవిలో ఎక్కడ రాత్రి గడిపినా అనుమతి ఉన్న గట్టి క్యానిస్టర్ తప్పనిసరి. తిండిని సరిగ్గా దాచకపోతే జరిమానా 5,000 డాలర్ల దాకా వెళ్ళవచ్చు. ఇక రెండు సరిపోతాయా అన్నది అసలు ప్రశ్న. నా సలహా: రెండు పెద్దవి, ఒక చిన్నది. ఎందుకో లెక్క కింద ఉంది.

ముందు భయం సంగతి. ఉద్దానం వైపు ఎలుగు అంటే ఎదురుపడితే మీద పడి చీరేసే జంతువు. మనం చిన్నప్పటి నుంచి విన్నది దాని గురించే. యోసెమిటీలో ఉన్నది వేరే జాతి, అమెరికన్ నల్ల ఎలుగు. పేరుకు నల్లదైనా చాలా వాటి రంగు గోధుమే, దాన్ని చూసి గ్రిజ్లీ (ఇంకా పెద్ద, ప్రమాదకరమైన ఎలుగు) అని కంగారుపడకండి. కాలిఫోర్నియాలో గ్రిజ్లీలు అంతరించి వందేళ్ళు అవుతోంది. యోసెమిటీ చరిత్రలో నల్ల ఎలుగు చేతిలో చనిపోయినవారు లేరు. దానికి కావలసింది మీరు కాదు, మీ సంచి. కానీ మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్ళీ మళ్ళీ క్యాంపులకు వస్తుంది, పిల్లలకూ అదే నేర్పుతుంది, జంకు పోయి దూకుడు పెరుగుతుంది. చివరికి పార్కు వాళ్ళే దాన్ని చంపాల్సి వస్తుంది. మీరు మర్చిపోయిన ఒక్క చిక్కీ పొట్లం ఆ వరసలో మొదటి మెట్టు కావచ్చు. అందుకే ఈ జాగ్రత్తలు ఇంత వివరంగా రాస్తున్నాను.

చెట్టుకు ఎందుకు కట్టకూడదు? పాత పద్ధతిలో రెండు సంచులను సమానంగా తూచి, 12 అడుగుల ఎత్తున, మానుకు 6 అడుగుల దూరంలో కొమ్మ మీంచి వేలాడదీసేవారు. ఇక్కడి సియెర్రా నెవాడా కొండల ఎలుగులు దీన్ని ఎప్పుడో నేర్చేసుకున్నాయి. కట్టు తాడు కొరుకుతాయి, కొమ్మ విరుస్తాయి, బరువు ఆనని కొమ్మ మీదకి పిల్ల ఎలుగు ఎక్కుతుంది. పైగా మీరు వెళ్ళే 9,000 అడుగుల ఎత్తులో లాడ్జ్‌పోల్ పైన్ చెట్ల కొమ్మలు పొట్టివి, కిందికి వంగి ఉంటాయి. పద్ధతి ప్రకారం కట్టడానికి తగిన కొమ్మ వెతికేసరికే చీకటి పడుతుంది. 1998లో యోసెమిటీలో ఎలుగుల వల్ల 1,500కు పైగా ఘటనలు జరిగాయి, 6 లక్షల డాలర్లకు పైగా ఆస్తి నష్టమైంది. ఆ తర్వాత ఇనుప లాకర్లు, క్యానిస్టర్లు, గట్టి తనిఖీ వచ్చాకే ఆ సంఖ్య బాగా పడిపోయింది.

ఇప్పుడు లెక్క. క్యానిస్టర్ సమస్య బరువుది కాదు, చోటుది. దాన్ని ఇంట్లో వంటగదిలోనే తేల్చుకోవాలి, కొండ మీద కాదు.

మొదటి రోజు మధ్యాహ్నం, రాత్రి భోజనం. రెండో, మూడో రోజులు పూర్తిగా. నాలుగో రోజు పొద్దుటి టిఫిన్, దారిలో చిరుతిండి. ఇది మనిషికి సుమారు 3.1 రోజుల తిండి, నలుగురిదీ కలిపితే ఒక మనిషికి 12 రోజుల పైచిలుకు తిండి. ఎండు సరుకు మనిషికి రోజుకు 700 నుంచి 800 గ్రాములు పడుతుంది, మొత్తం 9 నుంచి 10 కిలోలు. గాలి తీసి జాగ్రత్తగా సర్దితే మనిషికి రోజుకు 1.6 లీటర్ల చోటు చాలు. పొట్లాలు కొన్నవి కొన్నట్టే పడేస్తే 2 లీటర్లు దాటుతుంది. అంటే 20 నుంచి 25 లీటర్లు. దీనికి టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్ లాంటి వాసన వస్తువులు మనిషికి అర లీటరు చొప్పున మరో 2 లీటర్లు కలపండి.

బేర్‌వాల్ట్ కంపెనీ బీవీ500 క్యానిస్టర్‌లో 11.5 లీటర్లు పడుతుంది, ఖాళీ బరువు 1.16 కిలోలు. రెండు తీసుకుంటే కాగితం మీద 23 లీటర్లు. గుండ్రటి డబ్బాలో మూలలు, సందులు వృథా అవుతాయి కనుక నిజంగా చేతికొచ్చేది 21. అద్దెకు నల్లటి గార్సియా డబ్బాలు ఇస్తే ఒక్కోదానిలో 10 లీటర్లే, రెండు కలిపితే 20. మొదటి రోజు రెండు పూటలు తినేశాక రాత్రికి అంతా పట్టిపోతుందని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ రాత్రికి మిగిలేది 16 నుంచి 19 లీటర్ల తిండి, 2 లీటర్ల సబ్బులూ క్రీములూ, వాటికి తోడు ఆ రోజు చెత్త. చక్కగా సర్దినవాళ్ళకు అంచుకు వస్తుంది, లేనివాళ్ళకు మూత పడదు. మూత పడని ఆ చివరి పిడికెడే టెంట్‌లో తలకింద పెట్టుకుని పడుకుంటారు. ఎక్కువ అనర్థాలు అక్కడే మొదలవుతాయి. అందుకే రెండు బీవీ500లకు తోడు 7.2 లీటర్ల బీవీ450 ఒకటి. మూడూ కలిపి 3.25 కిలోలు, నలుగురు పంచుకుంటే బరువనిపించదు. అడవిలో రాత్రి గడపడానికి పర్మిట్ ఇచ్చే చోట క్యానిస్టర్లను వారానికి కొద్ది డాలర్లకే అద్దెకిస్తారు, డిపాజిట్ తీసుకుంటారు.

ఏం తీసుకెళ్ళాలి అన్నది చోటును బట్టే నిర్ణయించండి. లీటరు మరమరాలు 100 గ్రాములు కూడా తూగవు, 400 కేలరీలు రావు. అదే లీటరు డబ్బాలో వేయించిన వేరుశనగపప్పు పోస్తే 3,000 కేలరీలు దాటుతుంది. కాబట్టి మరమరాలు, గుల్ల జంతికలు, చిప్స్ ఇంట్లోనే ఉంచండి. జంతికలు లేకుండా కుదరదంటే చిదిపి పొడిలా చేసి జిప్‌లాక్‌లో అదమండి, చోటు సగానికి పైగా తగ్గుతుంది. నెయ్యి గ్రాముకు 9 కేలరీలు. నలుగురికి 200 గ్రాముల నెయ్యి ఒక చిన్న మరమూత సీసాలో పెడితే ఉప్మాకీ, పొడి అన్నానికీ సరిపోతుంది. చిక్కీలు, ఖర్జూరం, నువ్వులుండలు, బాదం చోటుకు తగ్గ బలం ఇస్తాయి. చపాతీలు 15, 16 సెంటీమీటర్ల వెడల్పుతో చేసుకోండి, డబ్బాలో బల్లపరుపుగా ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. కానీ రెండో రోజు సాయంత్రంలోగా తినేయండి.

ఆవకాయ ఒక్కటే నన్ను భయపెడుతుంది. నూనె కారితే డబ్బా లోపలే కాదు, దాన్ని ముట్టుకున్న చేతులు, ఆ చేతులు తుడుచుకున్న ప్యాంటు, ఆ ప్యాంటుతో దూరిన స్లీపింగ్ బ్యాగ్ అన్నీ వాసనే. నలుగురికి 100 గ్రాములు చాలు. నూనె వంచేసి, గట్టి మరమూత ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసాలో వేసి, రెండు జిప్‌లాక్‌లలో చుట్టండి. దానికన్నా కందిపొడి, కరివేపాకు పొడి ఎన్నో రెట్లు మేలు.

అలాగే ఎత్తు సంగతి. 9,500 అడుగుల దగ్గర నీళ్ళు సుమారు 90, 91 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు అక్కడ తేలిగ్గా ఉడకదు. గంట కాచినా పలుకే. గ్యాస్ అయిపోతుంది, తినలేని పప్పు గిన్నెడు మిగులుతుంది, దాన్ని పారబోయడానికి చోటు లేదు. పాతిపెడితే ఎలుగు తవ్వి తీస్తుంది. మిగిలింది మూటగట్టి మళ్ళీ క్యానిస్టర్‌లోనే పెట్టాలి, అది తడి చెత్త. అందుకే వేడినీళ్ళు పోస్తే చాలు అన్నవే ఎంచుకోండి: అటుకులు, ముందే వేయించి తాలింపు కలిపిన ఉప్మా రవ్వ, త్వరగా ఉడికే బియ్యం, పులిహోర గుజ్జు, నీళ్ళు కలిపితే రసం అయ్యే పొడి. తాలింపు ఇంట్లోనే వేసుకు రండి. క్యాంపులో ఇంగువ, ఆవాలు చిటపటలాడితే ఆ వాసన లోయ అంతా పాకుతుంది, మీ బట్టలకూ పడుతుంది. మనిషికి ఎంత వండాలో ఇంట్లో ఒకసారి తూచి తిని చూసుకోండి. మిగలకుండా వండడమే సగం రక్షణ.

సర్దేటప్పుడు అట్టపెట్టెలన్నీ పారేయండి. ఉబ్బిన ఫ్యాక్టరీ ప్యాకెట్లకు సూదితో చిన్న బెజ్జం చేసి గాలి పోగొట్టి టేపు అంటించండి, లేకపోతే ఎత్తుకు వెళ్ళేకొద్దీ అవి బెలూన్‌లా ఉబ్బుతాయి. నాలుగో రోజు టిఫిన్ అట్టడుగున, మూడో రోజుది దాని పైన, అలా పొరలుగా సర్దండి. పిండి, రవ్వ లాంటి మెత్తటి పొట్లాలను సందుల్లో కుక్కండి. చిన్న డబ్బాను పూర్తిగా టూత్‌పేస్టులు, మందులు, చెత్తకు వదిలేస్తే రాత్రిపూట పెద్ద డబ్బాలు కెలకాల్సిన పని ఉండదు. బయలుదేరే ముందు రోజు ఇంట్లోనే మూతలన్నీ బిగించి చూడండి. మొదటి రాత్రికి ఉండాల్సిన సరుకంతా లోపల పట్టి మూత క్లిక్ మనకపోతే, ఏదో ఒకటి తగ్గించండి.

వాసన వస్తువులు అంటే ఏమిటి అన్న దగ్గర మనవాళ్ళు తరచుగా పొరపడతారు. టూత్‌పేస్టు, సబ్బు, సన్‌స్క్రీన్, లిప్ బామ్, డియోడరెంట్ ఎలాగూ ఉన్నాయి. వాటితో పాటు కొబ్బరినూనె, టాల్కం పౌడర్, నొప్పికి రాసుకునే బామ్, దగ్గు మందు, వక్కపొడి, సోంపు, యాలకులు, దేవుడి కోసం తెచ్చుకున్న అగరుబత్తీ, తడి టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు, ఎలక్ట్రోలైట్ కలిపిన నీళ్ళ సీసా, వాడేసిన టీ పొడి. ఇవన్నీ రాత్రికి క్యానిస్టర్‌లోకే. బయలుదేరే రోజు తలకు నూనె పెట్టుకోకండి. వాసన రానివ్వని ప్రత్యేక సంచులు వాడితే మంచిదే, కానీ అవి క్యానిస్టర్ లోపల అదనపు పొర మాత్రమే, దానికి బదులు కావు.

క్యాంపులో రోజువారీ పద్ధతి చెబుతాను. టెంట్ ఒక చోట, వంట ఒక చోట, క్యానిస్టర్లు ఇంకో చోట, ఒకదానికొకటి కనీసం 100 అడుగుల దూరం. కుదిరితే ఇంకా మంచి పద్ధతి ఉంది: సాయంత్రం 5 గంటలకే దారిలో ఎక్కడో వండుకు తినేసి, మరో మైలు నడిచి టెంట్ వేయండి. వంట వాసన వెనకే ఉండిపోతుంది. గిన్నెలు వాగులో కడగకండి. నీటికి 200 అడుగుల దూరంలో, కొద్ది నీళ్ళతో తిప్పి ఆ నీళ్ళు తాగేయడం అన్నిటికన్నా శుభ్రం. తాగలేకపోతే జాలీతో వడగట్టి, మెతుకులు చెత్త సంచిలో వేసి, నీళ్ళు విశాలంగా చల్లండి. పక్షులకు, ఉడతలకు నాలుగు మెతుకులు వేయడం మన ఇళ్ళలో పుణ్యం. ఇక్కడ మాత్రం వేయకండి. అది నేరం, ఆ జంతువులకూ చేటే.

క్యానిస్టర్ మూత తీసి ఉంచేది మీ చేయి అందేంత దూరంలో ఉన్నప్పుడే. చెట్టు చాటుకు వెళ్ళి వచ్చేలోపు కూడా బిగించాలి. ఎలుగు పగలూ తిరుగుతుంది, మీరు చెరువు దగ్గర ఫోటోలు తీసుకుంటుంటే అది వెనక వచ్చి సంచి పట్టుకుపోతుంది. బీవీ500 మూత స్క్రూలా తిరుగుతుంది, అంచున ఉన్న బొడిపెలను దాటి క్లిక్ మనాలి. కొత్త రకంలో రెండు బొడిపెలు, రెండు క్లిక్‌లు వినాలి. మరల్లో ఇసుక, పిండి చేరితే సగంలో ఆగిపోతుంది, బిగిసిందనుకుంటాం. గుడ్డతో మరలు తుడవండి, మూసాక వెనక్కు తిప్పి చూడండి. చలి పొద్దుల్లో ప్లాస్టిక్ గట్టిపడి మూత తెరుచుకోదు. మూతను కాసేపు అరచేతులతో వేడి చేసి, బొడిపెకూ అంచుకూ మధ్య పాత క్రెడిట్ కార్డు దూర్చి తిప్పితే జారుతుంది. గార్సియా అయితే మూత మీద రెండు గొళ్ళేలు ఉంటాయి, వాటిని నాణెంతో తిప్పాలి. ఒక క్వార్టర్ నాణెం దారం కట్టి ఎవరి జేబులోనైనా ఉంచుకోండి. ఆ నాణెం పోతే తిండి లోపల, మీరు బయట.

రాత్రి వాటిని ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించి చేయండి. ఎలుగు డబ్బాను పగలగొట్టలేకపోయినా దొర్లిస్తుంది. కొండ అంచున పెడితే దొర్లి కింద పడి పగులుతుంది, వాగు పక్కన పెడితే కొట్టుకుపోతుంది. చదునైన చోట, రెండు బండల మధ్యో పడిపోయిన మాను పక్కనో, కాలిబాటకు దూరంగా, మూత కిందికి ఉండేలా బోర్లించండి. అలా పెడితే వాన నీళ్ళు మూత మీద నిలవవు. తాడు కట్టకండి, బ్యాక్‌ప్యాక్‌లో పెట్టి వదలకండి. తాడు, సంచి పట్టీ రెండూ ఎలుగుకు పట్టు దొరికే పిడులే. డబ్బా చుట్టూ వెలుగుకు మెరిసే టేపు అంటిస్తే పొద్దున్నే వెతుక్కోవడం తేలిక. ఖాళీ బ్యాక్‌ప్యాక్‌ల జిప్పులన్నీ తెరిచి ఉంచండి, తొంగి చూసే జంతువు చింపకుండా చూసి వెళ్ళిపోతుంది. మార్మట్‌లు (పెద్ద ఉడత లాంటి జంతువులు) చెమట ఉప్పు కోసం పట్టీలు కొరుకుతాయి, కనుక సంచులు టెంట్ పక్కనే ఉంచుకోండి.

ఎలుగు నిజంగానే క్యాంపులోకి వస్తే? నలుగురూ ఒకచోట గుమికూడి నిలబడి గట్టిగా అరవండి, గిన్నెలు మోగించండి. దానికి పారిపోయే దారి వదలండి, పిల్లలున్న తల్లి అయితే వాటి మధ్యకు వెళ్ళకండి. మీరు పరుగెత్తకండి. అది అప్పటికే తిండి అందుకుంటే లాక్కోబోకండి, వదిలేసి తర్వాత రేంజర్‌కు చెప్పండి. చెబితే జరిమానా వేస్తారని దాచకండి, ఏ ఎలుగు ఎక్కడ తిరుగుతోందో వాళ్ళకు తెలిస్తేనే తర్వాతి క్యాంపును కాపాడగలరు. దారిలో దూరంగా కనిపిస్తే కనీసం 50 గజాల ఎడం ఉంచి చూడండి.

కారు సంగతి మీరు అడగలేదు, కానీ అక్కడే కుటుంబాలు దెబ్బతింటాయి. కారు హ్యాపీ ఐల్స్ వైపు పార్క్ చేసి, బస్సులో ట్యులమీకి వెళ్ళేట్టయితే 3 రాత్రులు అది అక్కడే ఉంటుంది. చీకటి పడ్డాక కారులో ఏ తిండీ ఉండకూడదు, డిక్కీలో కూడా. ఎలుగు తలుపు పైఅంచు పట్టి కిటికీ చట్రాన్ని కిందికి వంచేస్తుంది. 2004, 2005లలో యోసెమిటీలో ఎలుగులు పగలగొట్టిన వాహనాల్లో 29 శాతం మినీవ్యాన్‌లే, పార్కుకు వచ్చిన వాహనాల్లో అవి 7 శాతమే. పిల్లల సీట్ల కింద బిస్కెట్ ముక్కలు, ఒలికిన పాలు ఉండే బండి అదే మరి. బయలుదేరే ముందు వాక్యూమ్ చేసి, పిల్లల సీట్లు తుడిచి, తిరుగు ప్రయాణానికి తెచ్చిన తిండి, ఖాళీ కూలర్, చూయింగ్ గమ్, గ్లవ్ బాక్స్‌లోని సోంపు పొట్లంతో సహా అన్నీ అక్కడి ఇనుప లాకర్‌లో పెట్టండి. లాకర్ పది మందితో పంచుకునేది, కాబట్టి అన్నీ ఒకే సంచిలో వేసి పేరు, తిరిగొచ్చే తేదీ రాయండి. ముందు రాత్రి క్యాంప్‌గ్రౌండ్‌లో ఉంటే అక్కడి లాకర్ సుమారు 114 సెంటీమీటర్ల వెడల్పు, 84 లోతు, 46 ఎత్తు. పెద్ద కూలర్ కొనే ముందు ఆ 46 గుర్తుంచుకోండి. మీరు పక్కనే కూర్చున్నా లాకర్‌కు గొళ్ళెం పడే ఉండాలి.

ఒక హెచ్చరిక: ఇదంతా యోసెమిటీకి. న్యూయార్క్ వైపు బంధువులతో అడిరాండాక్స్ వెళ్తే బేర్‌వాల్ట్ మీద ఆధారపడకండి. రెండు చెవులకూ పసుపు గుర్తులున్న ఒక ఆడ ఎలుగు అక్కడ దాని మూత తీయడం నేర్చుకుంది, కంపెనీ రెండో బొడిపె చేర్చినా దాన్నీ తీసింది. యెల్లోస్టోన్‌లో గ్రిజ్లీలు ఉంటాయి. అక్కడ 100 గజాల దూరం, చేతికందేలా బేర్ స్ప్రే. ఏ పార్కుకు వెళ్తే ఆ పార్కు అనుమతించిన డబ్బాల జాబితా పర్మిట్‌తో పాటే చూడండి.

నాలుగో రోజు కిందికి దిగాక డబ్బాలో చెత్త, మిగిలిన సరుకు అన్నీ వ్యాలీలోని ఎలుగు తెరవలేని చెత్తకుండీలో వేసి, కుండీ మూతకు గొళ్ళెం పెట్టండి. నిండిపోయిన కుండీ పక్కన సంచి వదిలి రాకండి, ఇంకోటి వెతకండి. అద్దె క్యానిస్టర్ తిరిగిచ్చే ముందు సబ్బుతో కడిగి, మూత తెరిచి ఎండలో ఆరబెట్టండి. ఆవకాయ నూనె మరల్లో ఉండిపోతే దాన్ని తర్వాత తీసుకున్నవాళ్ళ మూత సరిగ్గా పట్టదు.